చేతికివ్వని కారం

మూత తిప్పబోయే ముందు లలితకుమారి సీసాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. అలా ఊపితే ఏం తెలుస్తుందో ఆమెకే తెలియదు. అయినా రోజూ ఊపుతుంది. సీలును గోటితో తడిమింది, తేదీ చదివింది, మూత తీసి వాసన చూసింది. అనాసపండు, పాషన్ ఫ్రూట్, వాటి వెనకాల ఎక్కడో నక్కిన మిరపకాయ. నిన్నటి వాసనే. అయినా నమ్మకం చాలక ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకింది.

ముందు తీపి తగిలింది. తర్వాత దవడల్లో నీళ్లూరేంత పులుపు. ఇంతేనా అనుకుని మనిషి గుటక వేశాక, అప్పుడు గొంతు వెనక నుంచి కారం లేచి చెవుల దాకా పాకింది. గుంటూరు మిరపకాయకు దాపరికం లేదు, గుమ్మంలోనే పేరు చెప్పి కొడుతుంది. ఇది పండులా నవ్వుతూ లోపలికొచ్చి, కుశలప్రశ్నలు వేసి, తలుపు మూశాక పని చూపించే రకం. ఇన్నాళ్లుగా ఈ సాసునే పదిమందికీ రుచి చూపించి బతుకుతున్నా, లలితకుమారికి దీని మీద ఇంకా గురి కుదరలేదు.

సింగపూర్‌లోని హౌగాంగ్‌లో ఒక ఫ్లాట్ల బ్లాకు కింద ఉన్న సూపర్ మార్కెట్ అది. ఫ్రీజర్ల వరసకు ఎదురుగా ఆమె బల్ల. ఆ చలికి ఏప్రన్ లోపల స్వెటర్ వేసుకుంటుంది. అరవైకి దగ్గరపడిన పొట్టి మనిషి. జుట్టుకు వల, ముక్కు మీద జారే కళ్లద్దాలు, కూతురు కల్పన వదిలేసిన స్పోర్ట్స్ బూట్లు. బూట్లు కాస్త పెద్దవి, అందుకని నడిస్తే టపటపమని చప్పుడవుతాయి. ఆ చప్పుడు విని మేనేజరు తల తిప్పుతాడని ఆమె అనుమానం. నిజానికి మేనేజరు ప్రతి చప్పుడుకీ తల తిప్పుతాడు.

బల్ల మీద బుల్లి కాగితపు కప్పులు పేర్చింది. పక్కన బిస్కెట్లు, జామకాయ ముక్కలు, పరోటా తునకలు. ఇక్కడి వాళ్లు దాన్ని ప్రాటా అంటారు. సాసు తయారుచేసేది మహీధర్, నర్సరావుపేట కుర్రాడు. బ్యాంకులో కంప్యూటరు ఉద్యోగం వదిలేసి మిరపకాయల మీద పడ్డాడు. పిజ్జాతో తినండి అని సీసా మీద అచ్చు వేయించాడు. పిజ్జాతో బాగానే ఉంటుంది. జామకాయతో ఇంకా బాగుంటుంది. పెరుగన్నంలో కలిపితే మాత్రం పాషన్ ఫ్రూట్ పులుపు పెరుగుతో పోట్లాడుతుంది. ఇవన్నీ తిని తెలుసుకున్నవి, ఒక్కతే తిని తెలుసుకున్నవీ కావు.

పక్క బల్ల స్యూ లాన్‌ది. చేప ఉండల కంపెనీ తరఫున కరెంటు పెనం మీద వాటిని వేయిస్తుంది. బక్కపలచని మనిషి, చిన్నగా కత్తిరించిన తెల్లజుట్టు, మోకాలికి ఎప్పుడూ అంటించి ఉండే నొప్పి పట్టీ. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషేనని ఇద్దరి నమ్మకం. అందులో క్రియలు తక్కువ, చేతులు ఎక్కువ. కస్టమర్లు లేని పూట స్యూ లాన్ ఒక ఉండను పుల్లకు గుచ్చి తెచ్చి లలితకుమారి చేతిలో పెడుతుంది. లలితకుమారి ఒక కప్పులో సాసు పోసి బల్ల అంచున పెడుతుంది. ఇద్దరూ ముంచుకుని తింటారు. స్యూ లాన్ బాగుందనీ అనదు, బాగోలేదనీ అనదు. ముక్కుతో ఒక చప్పుడు చేస్తుంది. నిమ్మరసం పిండిన ఉండకు ఆ చప్పుడు పొడుగ్గా వచ్చింది కాబట్టి, అప్పటినుంచి ఇద్దరి బల్లల మీదా నిమ్మ చెక్కలు ఉంటున్నాయి.

ఇవాళ స్యూ లాన్ ఇటువైపు చూడలేదు. పెదాలకు రంగు వేసుకుంది. ఎన్నడూ లేని ఆ రంగేమిటా అని లలితకుమారి అనుకుంటుండగా ఫోను మోగింది. మహీధర్ మెసేజ్.

"ఆంటీ, స్టోర్ నుంచి మీ మీద ఒక కంప్లయింట్ వచ్చింది. నాలుగింటికి వస్తా. డైరెక్ట్‌గా మాట్లాడదాం."

ఫోనులో చెప్పని మాట మంచి మాట కాదని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. ఈ బల్ల పోతే మళ్లీ ఇంట్లో కూర్చోవాలి. రిటైరైన భర్త జనార్ధనరావు టీవీ ముందు నుంచి లేవడు, మాట్లాడడు. ఇక్కడ నిలబడితే రోజంతా ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి, కళ్లలో నీళ్లు తెచ్చుకుని, ఆమెను చూసి నవ్వుతారు. బతుకులో ఇంత మంది తనను చూసి నవ్వడం ఆమెకు ఈ ఉద్యోగంలోనే మొదలు.

ఎవరు చేసి ఉంటారు?

మొదట అనుమానం రోజూ వచ్చే ముసలాయన మీదికి పోయింది. ఒకటి తిని, చుట్టూ తిరిగొచ్చి, కొత్త మనిషిలా మళ్లీ చెయ్యి చాపుతాడు. నిన్న మూడోసారి వచ్చినప్పుడు ఆమె ఆయన మొహంలోకి కాస్త గట్టిగానే చూసింది. ఇవాళ ఆయన రాగానే ఎక్కువ సాసు వేసిన ప్రాటా ముక్కను చేతిలో పెట్టి, "తినండి అంకుల్" అని తన ఇంగ్లీషులో మెత్తగా అంది. ఆ మర్యాదకు ఆయన అదిరిపడి, ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, తినకుండా పట్టుకుపోయాడు. అనుమానం అంటురోగం.

తర్వాత, పోయిన వారం పిల్లవాడితో వచ్చిన తల్లి. "కారం, వద్దు" అని ఆమె చెబుతుండగానే వాడు కప్పులో వేలు పెట్టి నాకి ఆరున్నొక్క రాగం ఎత్తాడు. కానీ ఆ తల్లి పొద్దున్నే వచ్చి ఒక సీసా కొనుక్కుపోయింది. కంప్లయింట్ చేసినావిడ సీసా ఎందుకు కొంటుంది? ల్యాబులో పరీక్ష చేయించడానికా? లలితకుమారి ఆ ఆలోచనను కాసేపు ఇటూ అటూ నమిలి ఊసేసింది.

మిగిలింది ఒక్కరే. నిన్న సాయంత్రం స్యూ లాన్ పాలడబ్బాల దగ్గర మేనేజరుతో చాలాసేపు మాట్లాడింది. చైనీసులో మాట్లాడింది కనుక ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మాటల మధ్యలో గడ్డంతో ఇటు చూపించింది. మేనేజరు ఇటు చూశాడు. లలితకుమారి అప్పుడు నవ్వింది కూడా, తన సాసును పొగుడుతోంది కాబోలని. ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడు ఒళ్లు మండింది.

ఎందుకు చేస్తుంది? అమ్మకాలా? నిమ్మ చెక్కలు పెట్టాక చేప ఉండలు కూడా బాగానే పోతున్నాయి. బల్ల కావాలా? ఇది ద్వారానికి దగ్గర, మంచి చోటు. పొమ్మనలేక పొగపెడుతోందా? ఇంకెవరినైనా ఇక్కడ నిలబెట్టడానికి చూస్తోందేమో. చాప కింద నీరులా ఇన్నాళ్లూ పక్కనే ఉండి, మోకాలి నొప్పి చెప్పుకుని, చెల్లెలి సంగతులు చెప్పుకుని. లలితకుమారి జామకాయ కోస్తూ కోస్తూ ముక్కలు మరీ సన్నగా కోసింది. ఏరి మళ్లీ పేర్చింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డారు. స్యూ లాన్ పుల్లకు ఉండ గుచ్చి తెచ్చింది. లలితకుమారి అలవాటుగా చెయ్యి చాపింది. స్యూ లాన్ ఆ చేతిని చూసింది, ఉండను కాగితపు పళ్లెంలో బల్ల అంచున పెట్టింది, వెళ్లిపోయింది.

చాపిన చెయ్యి గాలిలో ఉండిపోయింది. ఆమె దాన్ని ఏప్రన్‌కు తుడుచుకుంది, తుడవడానికే చాపినట్టు. తర్వాత ఉండను పుల్లతో తిప్పి చూసింది. పైపొర ఎర్రగా వేగింది, నిమ్మరసం పిండి ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా తినలేదు. సాసు కప్పు కూడా పెట్టలేదు. పక్క బల్ల దగ్గర స్యూ లాన్ కాసేపు నిలబడి, వచ్చేది రాదని తెలుసుకుని, పెనం తుడవడం మొదలుపెట్టింది.

మహీధర్ చెప్పిన వేళకే వచ్చాడు. భుజాన బ్యాగు, చేతిలో సాసు సీసాల డబ్బా. అంత చలిలోనూ నుదుట చెమట. ఆమెను బియ్యం బస్తాల పక్కకు పిలిచాడు.

"ఆంటీ, ఏమీ అనుకోకండి. ఫ్రాంక్‌గా అడుగుతా. పక్క కౌంటర్ ఆంటీతో మీకేమన్నా ప్రాబ్లమా?"

"ఆమేనా చెప్పింది?"

"కంప్లయింట్ అని చెప్పలేదంట. మాటల్లో అన్నదంట మేనేజర్‌తో. ఆయనే భయపడి నాకు మెయిల్ పెట్టాడు. ఇక్కడ ఇలాంటివి చాలా సీరియస్ ఆంటీ. రేస్ మ్యాటర్, జాతి వివక్ష కింద చూస్తారు."

"నేనేం జేశాను బాబూ? ఏమన్నదంట?"

మహీధర్ బియ్యం బస్తా మీది అక్షరాలు చూస్తూ చెప్పాడు. "మీరు కస్టమర్లందరికీ చేతికిస్తారంట. ఆమెకి మాత్రం ఎప్పుడూ బల్ల మీదే పెడతారంట. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చేతిలో పెట్టలేదంట. పిల్లికి పెట్టినట్టు పెడుతుంది, నా చెయ్యి ఆమెకు మురికి అని అన్నదంట."

లలితకుమారి అనుమానం ఎన్నడూ ఇంత గురిగా తగల్లేదు. తగిలినందుకు సంతోషం కలగలేదు. ఎవరో గుండె మీద చెయ్యి వేసి వెనక్కి తోసినట్టయింది.

"నిజమేనా ఆంటీ?"

"నిజమే."

"ఎందుకు?"

"కారం గదా బాబూ. కారం చేతికెట్టా ఇస్తాం? గొడవలొస్తయ్యి."

మహీధర్ తల ఊపాడు. వాళ్లమ్మ కూడా ఉప్పూ మిరపకాయలూ గట్టు మీద పెట్టి, తీసుకో అంటుంది. "మరి కస్టమర్లకి ఇస్తున్నారు గదా?"

"వాళ్లతో గొడవొస్తే నాకేం బోతది?"

అతనికి నవ్వు రాబోయి ఆగింది. "ఇది మేనేజర్‌కి నేనెట్లా చెప్పను ఆంటీ? చెప్పినా నమ్మడు. స్యూ లాన్ ఆంటీనే వచ్చి ఏం లేదని చెప్తే తప్ప రేపటినుంచి మన కౌంటర్ ఉండదన్నాడు. అది కూడా ఇవాళే చెప్పాలి. ఆమెకి ఇవాళ లాస్ట్ డే అంట. మీకు తెలీదా?"

తెలీదు. పెదాల రంగు ఎందుకో ఇప్పుడు అర్థమైంది. మహీధర్ మేనేజరుతో మాట్లాడి చూస్తానని వెళ్లాడు. ఆమె బస్తాను పట్టుకుని నిలబడింది.

సింగపూర్ వచ్చిన కొత్తలో, బూన్ లే అనే పేటలో వాళ్లు మొదట దిగిన ఫ్లాటు. జనార్ధనరావుకు అప్పుడు షిప్ యార్డులో పని. కల్పన పుట్టబోతోందని సాయానికి చెల్లెలు సుభద్ర వచ్చింది. ఒకపూట నూనె మాడిపోతుంటే సుభద్ర వెనక్కి చూడకుండా చెయ్యి చాపి, "కారం డబ్బా ఇయ్యవే అక్కా, త్వరగా" అంది. లలితకుమారి ఇచ్చేసింది, నేరుగా చేతిలో. పోపు చక్కగా కుదిరింది. వారం తిరక్కుండా గొడవైంది. బావ తనను పనిమనిషిలా చూస్తున్నాడని సుభద్ర అంది, నువ్వే అట్టా ఊహించుకుంటున్నావని లలితకుమారి అంది. మాట మీద మాట పెరిగి, టిక్కెట్టు ముందుకు జరుపుకుని సుభద్ర వెళ్లిపోయింది. తర్వాత ఉత్తరాలకు జవాబు లేదు, ఫోనుకు పలకలేదు. కొన్నేళ్లకు జ్వరమొచ్చి పోయింది. లలితకుమారి వెళ్లేసరికి దండ వేసిన ఫోటో మిగిలింది.

గొడవకు కారణం కారం డబ్బా కాదని ఆమెకూ తెలుసు. సుభద్ర అన్నది నిజమే, జనార్ధనరావు అట్లాగే చూసేవాడు. అది ఒప్పుకోలేకే అంత గట్టిగా అరిచింది. ఇదంతా బుర్రకు తెలుసు. చేతికి తెలియదు. కావలసిన మనిషి ఎదురైతే ఆ చెయ్యి తనంతట తాను బల్ల వైపు వంగుతుంది. కల్పనకు ఇంతవరకు ఆవకాయ గిన్నె చేతికిచ్చింది లేదు. ఆ వరసలో కల్పన తర్వాత చేరింది స్యూ లాన్ ఒక్కతే. ఆ సంగతి ఆమెకు ఇప్పటిదాకా తట్టలేదు.

ఆమె టపటపమంటూ తన బల్ల దగ్గరికి నడిచింది. స్యూ లాన్ పెనం తీగ చుడుతోంది. చేప ఉండల కంపెనీ మనిషి తోపుడు బండితో వచ్చి సామాను ఎక్కిస్తున్నాడు. లలితకుమారి ఒక కప్పులో సాసు పోసుకుని పక్కకు వెళ్లింది.

"లాస్ట్ డే. ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు" అంది స్యూ లాన్. "చెల్లెలు ఒక్కతే. మలేషియా, క్లువాంగ్‌లో. అక్కడికి పోతున్నా."

లలితకుమారికి తెలిసిన ఇంగ్లీషు ముక్కలన్నీ ఒక్కసారే అడ్డంపడ్డాయి. వాటిలోంచి ఏరుకుంది. "నా ఊళ్లో, కారం చేతిలో పెడితే ఫైట్. నా చెల్లెలు. కారం చేతికిచ్చాను. ఫైట్. తర్వాత మాట లేదు. తర్వాత చనిపోయింది."

స్యూ లాన్ తీగ చుట్టడం ఆపింది. కళ్లు చిన్నవి చేసి చూసింది. బేరం దగ్గర తక్కెడను చూసే చూపు. "అందరికీ చేతిలో ఇస్తావు కదా. వాళ్లతో ఫైట్ ఓకేనా?"

"వాళ్లతో ఓకే."

"నాతో?"

"నీతో వద్దు."

నమ్మిందో లేదో మొహంలో తెలియలేదు. స్యూ లాన్ ఏప్రన్‌కు చెయ్యి తుడుచుకుంది. అరచెయ్యి పైకి తెరిచి చాపింది. నూనె చుక్కలు పడి పడి మచ్చలు దేలిన చెయ్యి.

"రేపు నేను ఉండను. ఇంక ఫైట్ ఎప్పుడు? ఇవ్వు."

ఇవ్వాలి. కాగితపు కప్పును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చాలి, అంతే. మార్చితే ఈమె సంతోషంగా పోతుంది, మేనేజరు దగ్గర ఒక మాట చెప్పి పోతుంది, రేపు తన బల్ల తనకుంటుంది. పరీక్ష పెడుతోందేమోనని కూడా అనుమానం వచ్చింది. పెట్టినా తప్పు లేదు. అటుపక్క నుంచి మహీధరూ మేనేజరూ ఇటే చూస్తున్నారు. ఇద్దరూ చూసేలా చేతిలో పెట్టేస్తే గండం గడిచిపోతుంది.

లలితకుమారి కప్పు పట్టుకుని నిలబడింది. క్లువాంగ్ ఎంత దూరమో ఆమెకు తెలియదు. దూరంగా పోయిన మనిషితో కూడా గొడవ ఉంటుందని మాత్రం తెలుసు. ఏడుపొచ్చింది. అది దాచుకోకుండానే వంగి, కప్పును బల్ల అంచున, రోజూ పెట్టే చోటే పెట్టింది.

"సారీ" అంది. "నీతో వద్దు."

తెరిచిన అరచెయ్యి కాసేపు అలాగే ఉంది. మెల్లగా మూసుకుంది. స్యూ లాన్ ఆ కప్పును రెండు చేతులతో తీసుకుంది, పెద్దవాళ్ల దగ్గర టీ కప్పు తీసుకున్నట్టు. ఒక్క గుక్కలో తాగేసింది. ఉండ లేదు, బిస్కెట్ లేదు, ఉత్త సాసు.

ముందు ఏమీ కాలేదు. తర్వాత మెడ ఎర్రబడింది, ముక్కు ఎర్రబడింది, కళ్ల నుంచి నీళ్లు కారి పెదాల రంగు దాకా వచ్చాయి. దగ్గింది. ప్యాంటు జేబులోంచి టిష్యూలు తీసి మొహం తుడుచుకుని, మళ్లీ దగ్గి, ముక్కుతో ఒక చప్పుడు చేసింది. ఇంత పొడుగు చప్పుడు లలితకుమారి ఎప్పుడూ వినలేదు.

"పిచ్చి మనిషివి" అంది స్యూ లాన్ గొంతు బొంగురుపోతూ. "ఇది ఉత్తది బాగోదు. ఫిష్‌బాల్‌తోనే బాగుంటుంది."

లలితకుమారి తన బల్ల మీది పళ్లెం తెచ్చింది. మధ్యాహ్నపు ఉండ చల్లబడి గట్టిపడింది. దాన్ని కప్పు అడుగున మిగిలిన సాసుకు అద్ది నోట్లో పెట్టుకుంది. చల్లారినా చేప రుచి పోలేదు, నిమ్మ పులుపును పండు పులుపు పట్టుకుంది, కారం ఆలస్యంగా వచ్చింది. ఇద్దరూ ముక్కులు ఎగబీలుస్తూ నిలబడ్డారు. తోపుడు బండి మనిషి వాళ్లను విచిత్రంగా చూశాడు.

వెళ్లేటప్పుడు స్యూ లాన్ మేనేజరు దగ్గర ఆగింది. నొప్పి కాలి మీద బరువు వేయకుండా నిలబడి చైనీసులో ఏదో చెప్పింది. గడ్డంతో ఇటు చూపించింది. ఈసారి లలితకుమారి నవ్వలేదు. మేనేజరు కూడా నవ్వలేదు, తల మాత్రం ఊపాడు. స్యూ లాన్ అద్దాల తలుపు దాటి, ఎండలోకి, బస్టాపు వైపు వెళ్లింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని లలితకుమారి చూసింది. తిరగలేదు.

మహీధర్ వచ్చి, "ఏం ప్రాబ్లం లేదంట ఆంటీ. మీ ఇద్దరిదీ ఫ్యామిలీ మ్యాటర్ అని చెప్పిందంట. రేపు మామూలుగానే రండి" అన్నాడు. ఆమె సరేనంది. చెల్లెలి మాట అతనికి చెప్పలేదు.

బల్లలు స్టోరువి కాబట్టి స్యూ లాన్ బల్ల అక్కడే ఉంది. పెనం లేదు, పుల్లల డబ్బా లేదు, కంపెనీ బొమ్మ లేదు. సాయంత్రం గుడ్డతో తుడవడానికి వచ్చిన మనిషి సగం తుడిచి ఆగాడు. మూల మీద ఒక టిష్యూ ప్యాకెట్ ఉంది. ఇక్కడి తిండిహాళ్లలో జనం తిండి తెచ్చుకోవడానికి వెళ్లేముందు టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి పోతారు. అది ఉన్నంతసేపు ఆ చోటు ఆ మనిషిదే, ఎవరూ కూర్చోరు. స్యూ లాన్ మరిచిపోయిందో, పెట్టి పోయిందో. లలితకుమారి ఎన్ని రకాలుగా అనుమానించినా తేలలేదు.

ఆ మనిషి దాన్ని చెత్తబుట్టలోకి తోయబోయాడు.

"ఉంచు" అంది లలితకుమారి. "అక్కడ మనిషుంది."

అతను చుట్టూ చూసి, భుజాలు ఎగరేసి, ప్యాకెట్ చుట్టూ తుడుచుకుంటూ పోయాడు. తడి ఆరుతున్న బల్ల మూలన సగం ఖాళీ అయిన ఆ ప్యాకెట్ నోరు తెరుచుకుని ఉంది, బయటికొచ్చిన ఒక టిష్యూ కొస ఫ్రీజర్ గాలికి కదులుతూ ఉంది.